చిత్తూరు నాగయ్య గారి జీవితం



ఈ నెల గోడపత్రికలో మహానుభావుల గురించి రాసే వంతు నాది. ఇంతకుముందు రాసినవాళ్లు గాంధీగారి గురించి, కొమురం భీం గురించి, అబ్దుల్ కలాం గారి గురించి రాశారు. నేను ఒక సినిమా నటుని గురించి రాస్తున్నాను. సినిమా నటుడు మహానుభావుడు ఎట్లా అవుతాడని అప్పుడే మన రూములో ఇద్దరు ముగ్గురు అడిగిన్రు. మొత్తం చదివినంక వాళ్లే చెప్పాలి.

మొన్న టీవీలో లవకుశ సినిమా వచ్చినప్పుడు మెస్ హాల్లో అందరం చూసినం కదా. అందులో తెల్ల గడ్డంతో, లవకుశులకు చదువు, పాట, విల్లు అన్నీ నేర్పే వాల్మీకి మహర్షి ఉన్నారు. ఆ వేషం వేసినాయనే చిత్తూరు నాగయ్య గారు. ఆ సినిమా 1963లో వచ్చింది. అప్పటికి ఆయన సినిమాల్లోకి వచ్చి పాతికేళ్లు అయింది. ఒకప్పుడు ఆయనే పెద్ద హీరో. పాటలు పాడారు, సంగీతం కట్టారు, సినిమాలు తీశారు. మనలో చాలామందికి ఆయన పేరే తెలియదు. అందుకే ఆయన్ని ఎంచుకున్నాను.

పుట్టుక, చదువు

ఆయన ఇంటిపేరు ఉప్పలదడియం. 1904 మార్చి 28న అప్పటి గుంటూరు జిల్లా రేపల్లెలో పుట్టారు. తర్వాత చిత్తూరులో ఉండి అక్కడి నాటకాల్లో పేరు తెచ్చుకున్నారు కాబట్టి ఆ ఊరి పేరే ఆయన పేరుకు ముందు నిలిచిపోయింది.

ఆయన చదువు తిరుమల తిరుపతి దేవస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో సాగింది. మన హాస్టల్‌లో స్కాలర్‌షిప్ అంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అది లేకపోతే మనలో సగం మందిమి ఈపాటికి తండాలోనే మేకల వెంబడో, పత్తి చేలోనో ఉండేవాళ్లం. నాగయ్య గారు కూడా ఎవరో ఇచ్చిన సాయంతో చదువుకున్నవారే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. చివర్లో దీనితో పని ఉంది.

ఉద్యోగాలు

చదువయ్యాక ఆయన సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేరారు. అది నిలకడైన ఉద్యోగం. ఇంట్లోవాళ్లు సంతోషపడే ఉద్యోగం. అయినా ఆయన అందులో ఉండలేదు. ఆంధ్రపత్రికలో విలేకరిగా పనిచేశారు. అది కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు స్థాపించిన పత్రిక. స్వాతంత్ర్య పోరాటం వార్తలు ఇంటింటికి చేర్చిన పత్రిక.

1930లో గాంధీగారు దండికి నడిచి ఉప్పు సత్యాగ్రహం మొదలుపెట్టారు. మన సాంఘిక శాస్త్రంలో ఆ పాఠం ఉంది. ఆ ఉద్యమంలో నాగయ్య గారు కూడా పాల్గొన్నారు. అంటే ఆయన సినిమాకు రాకముందే గుమాస్తా, విలేకరి, సత్యాగ్రహి, మూడూ అయ్యారు.

నాటకాలు

చిత్తూరులో రామవిలాస సభ అని ఒక నాటక సమాజం ఉండేది. నాగయ్య గారు అందులో నాటకాలు వేశారు. ఆయనకు పేరు తెచ్చిన వేషం ఏమిటో తెలిస్తే ఆశ్చర్యపోతారు. సారంగధర నాటకంలో చిత్రాంగి వేషం. చిత్రాంగి అంటే రాజరాజ నరేంద్రుని చిన్న రాణి. సారంగధరుని మీద అబద్ధం నింద వేసి అతని కాళ్లు చేతులు నరికించిన మనిషి. ఆ రోజుల్లో ఆడవాళ్లు నాటకాల్లోకి రావడం తక్కువ. ఆడవేషాలు మగవాళ్లే వేసేవారు.

మన వార్షికోత్సవంలో చీర కట్టి వేషం వేసినవాణ్ణి ఏడాదంతా ఎక్కిరిస్తాం. నాగయ్య గారు ఆ వేషంతోనే పేరు సంపాదించారు. తర్వాత దేశమంతా ఆయన్ని భక్తునిగా, ఋషిగా చూసింది. వేషం చిన్నదా పెద్దదా, ఆడదా మగదా అనేది ఆయన చూడలేదు. ఎట్లా వేస్తున్నామన్నదే చూశారు.

ఆయన గొంతు మంచిది. గ్రామఫోను రికార్డులు కూడా ఇచ్చారు. గ్రామఫోను అంటే పళ్లెమంత నల్లటి రేకు తిరుగుతుంటే దాని మీద సూది పెట్టి పాట వినే పెట్టె. రేడియోలు ఎక్కువ లేని రోజుల్లో ఊళ్లో ఒక్కరింట్లో ఆ పెట్టె ఉంటే చుట్టుపక్కల వాళ్లంతా వచ్చి వినేవారట.

సినిమాలోకి

తెలుగులో మాటల సినిమా భక్త ప్రహ్లాదతో మొదలైంది. అది 1932లో విడుదలైంది. దాన్ని తీసిన దర్శకుడు హెచ్.ఎం.రెడ్డి గారు. ఆయనే 1938లో గృహలక్ష్మి అనే సినిమా తీస్తూ నాగయ్య గారికి వేషం ఇచ్చారు. నాగయ్య గారికి అప్పుడు 34 ఏళ్లు. ఇరవై ఏళ్లకే హీరో కావాలనుకునే మన మిత్రులు ఈ లెక్క చూసుకోవాలి.

ఆ రోజుల్లో నటునికి వెనక నుంచి వేరేవాళ్లు పాడే పద్ధతి ఇంకా స్థిరపడలేదు. ఎవరి పాట వాళ్లే పాడుకోవాలి. అందుకని పాట వచ్చినవాళ్లకే పెద్ద వేషాలు. నాగయ్య గారికి నాటకం తెలుసు, సంగీతం తెలుసు, మాట స్పష్టం. ఆ కాలానికి ఆయన సరిగ్గా సరిపోయారు.

1939లో బి.ఎన్.రెడ్డి గారు, మిత్రులు కలిసి వాహినీ అనే సంస్థ పెట్టారు. వారి మొదటి సినిమా వందేమాతరం. అందులో నాగయ్య గారు హీరో, కాంచనమాల గారు హీరోయిన్. చదువుకుని ఉద్యోగం దొరకక తిరిగే యువకుని కథ అది. దానికి సంగీతం కూడా నాగయ్య గారే. మరుసటి ఏడాది 1940లో సుమంగళి. అది వితంతు వివాహం గురించిన సినిమా. అందులో సంఘాన్ని సంస్కరించే ముసలి పంతులు వేషం వేశారు. వయసేమో 36. నిన్న హీరో, ఇయ్యాల ముసలాయన. 1941లో దేవత వచ్చింది. అందులో ఇంట్లో పనిచేసే అమ్మాయికి అన్యాయం చేసి, తర్వాత పశ్చాత్తాపపడే చదువుకున్న యువకుని వేషం. ఈ రెండింటికీ సంగీతం ఆయనే కట్టారు.

తమిళంలో 1941లో అశోక్‌కుమార్ సినిమాలో అశోక చక్రవర్తి అయ్యారు. 1945లో మీరా సినిమాలో ఎం.ఎస్.సుబ్బులక్ష్మి గారి పక్కన రాణా వేషం వేశారు. 1950లో వచ్చిన బీదలపాట్లు సినిమా ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగో 1862లో రాసిన నవలను బట్టి తీసింది. ఆకలికి రొట్టె దొంగిలించి, ఏండ్ల తరబడి జైల్లో ఉండి, బయటికి వచ్చాక మంచివాడుగా మారే మనిషి కథ. ఆ మనిషి నాగయ్య గారే.

బొంబాయి సినిమా పత్రిక సంపాదకుడు బాబూరావు పటేల్ చాలా కటువుగా రాసే మనిషి. ఎవరినీ ఊరికే పొగిడేవాడు కాదు. ఆయన నాగయ్య గారిని అమెరికా నటుడు పాల్ మునితో సమానమని రాశారు. పాల్ ముని అంటే లూయీ పాశ్చర్, ఎమిలీ జోలా లాంటి గొప్పవాళ్ల జీవితాలను తెర మీద చూపించిన నటుడు. పాలను పాశ్చరైజ్ చేస్తారని సైన్సులో చదువుతున్నాం కదా, ఆ పాశ్చరే. నాగయ్య గారు ఇక్కడ మన గొప్పవాళ్ల జీవితాలను అట్లాగే చూపించారు.

నలుగురు మహానుభావుల వేషాలు

నాగయ్య గారి పేరు చెప్పగానే పెద్దవాళ్లకు గుర్తొచ్చేవి నాలుగు వేషాలు.

మొదటిది పోతన. కె.వి.రెడ్డి గారు మొదటిసారి దర్శకత్వం చేసిన భక్త పోతన సినిమా 1943లో విడుదలైంది. పోతన మన తెలంగాణ కవి, బమ్మెర గ్రామం ఆయనది. భాగవతాన్ని రాజుకు అంకితం ఇస్తే ధనం వచ్చేది. ఆయన ఇయ్యకుండా నాగలి పట్టి పొలం దున్నుకుని బతికాడని కథ. ఈ సినిమా తర్వాత జనం నాగయ్య గారిని నిజంగా భక్తుడే అనుకున్నారు. కనిపిస్తే కాళ్లకు మొక్కేవారట.

రెండవది త్యాగయ్య, 1946లో. ఇది నాగయ్య గారి సొంత సినిమా. రేణుకా ఫిలింస్ అని సంస్థ పెట్టి తీశారు. నిర్మాత ఆయనే, దర్శకుడు ఆయనే, సంగీతం ఆయనే, త్యాగరాజ స్వామి వేషం ఆయనే. తంజావూరు రాజు కానుకలు పంపితే త్యాగరాజు వద్దన్నాడు. తిరువయ్యారులో బియ్యం అడుక్కుని, రాముని మీద పాటలు పాడుకుంటూ బతికాడు. ఈ సినిమా నాగయ్య గారికి పేరు, డబ్బు రెండూ తెచ్చింది.

మూడవది వేమన, 1947లో వచ్చిన యోగి వేమన. దీనికి కూడా కె.వి.రెడ్డి గారే దర్శకులు. భోగాలు తిరిగిన వేమన వదిన చిన్న కూతురు చనిపోయాక అన్నీ విడిచిపెట్టి యోగి అయిపోతాడు. మనం బట్టీ పట్టే పద్యాల వేమన ఆయనే. ఈ సినిమాకు త్యాగయ్యకు వచ్చినంత డబ్బు రాలేదు. కానీ నాగయ్య గారి నటన చూడాలంటే దీన్నే చూడాలని తెలిసినవాళ్లు అంటారు.

నాలుగవది రామదాసు, 1964లో. కంచర్ల గోపన్న పాల్వంచ తహసీల్దారుగా ఉండి, వసూలైన సర్కారు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించాడు. తానీషా ఆయన్ని గోల్కొండలో ఖైదు చేశాడు. మనం హైదరాబాద్ టూర్ పోతే గోల్కొండలో రామదాసు చెరసాల అని చూపిస్తారు, అదే.

ఈ నలుగురిని పక్కపక్కన రాసుకుని చూసినప్పుడు నాకు ఒక సంగతి కనిపించింది. నలుగురి దగ్గరికీ ధనం వచ్చింది. నలుగురూ దాన్ని ఉంచుకోలేదు. పోతన వద్దన్నాడు, త్యాగరాజు తిప్పి పంపాడు, వేమన విడిచిపెట్టాడు, గోపన్న దేవునికి పెట్టాడు. నలుగురి వేషమూ ఒక్క మనిషే వేశాడు. ఆ మనిషి జీవితం కూడా అట్లాగే నడిచింది.

నిర్మాత అంటే ఎవరు

కొంతమంది చిన్న తరగతుల పిల్లలకు నిర్మాత అంటే తెలియదు. మన నాయినలు పత్తి వేస్తారు కదా. విత్తనాలకు, మందులకు ముందే డబ్బు కావాలి. ఇంట్లో లేకపోతే అప్పు తెస్తారు. వాన పడి పంట మంచిగా వస్తే మిగులుతుంది. రాకపోతే కూలీలకు కూలి ఇయ్యాల్సిందే, అప్పు కట్టాల్సిందే. సినిమాలో నిర్మాత ఆ రైతు లాంటివాడు. నటునికి జీతం వస్తుంది. నిర్మాతకు జనం టికెట్ కొంటేనే వస్తుంది.

నాగయ్య గారు జీతం తీసుకునే నటునిగానే ఉంటే హాయిగా బతికేవారు. కానీ తనకు నచ్చిన కథ తీయాలని నిర్మాత అయ్యారు. త్యాగయ్య పంట పండింది. 1953లో తెలుగులో నా ఇల్లు, తమిళంలో ఎన్ వీడు అని ఒకే కథ రెండు భాషల్లో తీశారు. తర్వాత రామదాసు మొదలుపెట్టారు. అది పూర్తి కావడానికి చాలా ఏళ్లు పట్టింది. తెచ్చిన డబ్బు అయిపోతే ఆగడం, మళ్లీ దొరికితే తీయడం. సినిమా విడుదల అయ్యేసరికి ఆయనకు అరవై ఏళ్లు. అప్పటికి జనం రామారావు గారిని, నాగేశ్వరరావు గారిని చూడటానికి క్యూ కడుతున్నారు. రామదాసులో కబీరు వేషం గుమ్మడి గారు వేస్తే ఆయనకు హిందీ గాయకుడు మహమ్మద్ రఫీ పాడారు. అంత శ్రద్ధగా తీశారు. పేరు వచ్చింది. పెట్టిన డబ్బు రాలేదు.

ఇచ్చే చెయ్యి

సినిమాలో నష్టం ఒక్కటే అయితే ఆయన మళ్లీ లేచేవారేమో. ఆయన సంపాదన ఇంకో దారిలో కూడా పోయింది. అది దానం.

మద్రాసులో నాగయ్య గారి ఇంటికి పోతే అన్నం పెట్టకుండా పంపేవారు కాదని అందరూ చెప్పేదే. వేషాల కోసం ఊరు విడిచి వచ్చిన కుర్రవాళ్లు, పని లేని నాటకం వాళ్లు, పెళ్లికి డబ్బు లేదని వచ్చినవాళ్లు, ఫీజు కట్టాలని వచ్చిన విద్యార్థులు, ఎవరు అడిగినా ఇచ్చేవారు. నిజంగా అవసరం ఉన్నవాడా, మోసం చేసేవాడా అని విచారించేవారు కాదు. త్యాగయ్య సినిమా తర్వాత వచ్చిన ధనంతో తిరువయ్యారులో త్యాగరాజ స్వామి ఆరాధనకు వచ్చేవాళ్ల కోసం సత్రం కట్టించారని కూడా చెప్తారు.

మా తండాలో కూడా ఇట్లాంటి అలవాటు ఉంది. పొద్దుగూకినాక ఇంటికి వచ్చినవాణ్ణి ఎవరివని అడగకముందే రొట్టె పెడతారు. అందుకే నాకు ఈ భాగం చదివినప్పుడు కొత్తగా అనిపించలేదు. మద్రాసులో అంత పెద్ద నటుడు కూడా మా అవ్వలాగే చేశాడని అనిపించింది.

చివరి రోజులు

1965లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. అది పెద్ద గౌరవం. కానీ అప్పటికి చేతిలో డబ్బు లేదు. ఆస్తులు పోయాయి. ఒకప్పుడు సినిమా మొత్తం తన పేరు మీద నడిపిన మనిషి, చిన్న చిన్న వేషాలకు ఒప్పుకున్నారు. తండ్రి వేషం, తాత వేషం, ఋషి వేషం, ఏది ఇస్తే అది. 1966లో పరమానందయ్య శిష్యుల కథలో పరమానందయ్య గురువు ఆయనే. తెలివితక్కువ శిష్యులతో వేగలేక వేగే గురువు. ఆ సినిమా చూస్తే మన వార్డెన్ సార్లకు తమ కష్టాలు గుర్తొస్తాయి.

ఒకప్పుడు ఆయన ఇంట్లో తిన్నవాళ్లే కొందరు పెద్దవాళ్లై సినిమాలు తీస్తుంటే, ఆయన వాళ్ల సినిమాల్లో రెండు మూడు సీన్ల వేషం వేయాల్సి వచ్చింది. అయినా సెట్టు మీద ఉన్నప్పుడు ఆ చిన్న వేషాన్ని కూడా పోతన వేషమంత శ్రద్ధగానే వేశారు. లవకుశ చూసినవాళ్లం కాబట్టి ఈ మాటకు మనమే సాక్ష్యం.

1973 డిసెంబర్ 30న మద్రాసులో చనిపోయారు. 69 ఏళ్లు. దగ్గర డబ్బు లేకుండానే పోయారు. తర్వాత సినిమా వాళ్లు మద్రాసు పానగల్ పార్కులో ఆయన విగ్రహం పెట్టారు.

మన రూములో జరిగిన చర్చ

ఇది రాస్తూ నేను మన రూములో చదివి వినిపించాను. పెద్ద కొట్లాట అయింది. ఒక మిత్రుడు నాగయ్య గారు అమాయకుడని, ఉన్నప్పుడు దాచుకోకపోవడం తెలివి కాదని అన్నాడు. వాళ్ల నాయిన ఊళ్లో అందరికీ హామీ ఉండి చివరకు ఉన్న ఎకరం అమ్ముకున్నాడు. కాబట్టి వాడి మాటను తేలిగ్గా తీసెయ్యలేను. ఇంకొకడు నాగయ్య గారు ఇయ్యకపోతే ఇయ్యాల ఆయన గురించి ఎవడు రాస్తాడని అడిగాడు. వార్డెన్ సారు విని, దానం చెయ్యాలి, పాసుబుక్కులో కూడా వెయ్యాలని చెప్పి లైటు ఆపించారు. సినిమా వాళ్లు కూడా నాగయ్య గారి జీవితాన్ని ఒక హెచ్చరికగానే చెప్పుకుంటారు. ఆయన తర్వాత వచ్చిన నటులు చాలామంది ఆయన్ని చూసే జాగ్రత్త నేర్చుకున్నారు. స్టూడియోలు, భూములు కొన్నారు.

నా అభిప్రాయం ఇది. పంట వచ్చినప్పుడు మా తాత మొదట విత్తనాల మూట వేరుగా కట్టి అటక మీద పెట్టేవాడు. ఎంత కరువు వచ్చినా ఆ మూట విప్పేవాడు కాదు. మిగతాది ఎవరికి పెట్టినా అడ్డు చెప్పేవాడు కాదు. నాగయ్య గారు ఆ మూట కూడా విప్పి పంచారు. అది నేను చెయ్యలేను, ఎవర్నీ చెయ్యమని చెప్పను. మన ఇండ్లలో మూట విప్పితే చెల్లె చదువు ఆగిపోతది.

కానీ ఆయన్ని అమాయకుడని మాత్రం అనను. మొదట్లో గుర్తుపెట్టుకోమన్న మాట ఇప్పుడు చూడండి. ఆయన చదువే ఇంకొకరు ఇచ్చిన డబ్బుతో అయింది. దేవస్థానం ఇచ్చిన డబ్బు భక్తులు హుండీలో వేసిన డబ్బు. వేసినవాళ్లకు ఏ పిల్లవాడు చదువుకుంటాడో తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. నాగయ్య గారు తన దగ్గరికి ఫీజు కోసం వచ్చిన విద్యార్థిని విచారించకుండా డబ్బు ఇచ్చినప్పుడు, తాను తీసుకున్నట్లే ఇచ్చారని నాకు అనిపిస్తుంది. మన స్కాలర్‌షిప్ కూడా పేరు తెలియనివాళ్లు కట్టిన పన్నులోంచే వస్తుంది. రేపు మనకు ఉద్యోగాలు వచ్చినప్పుడు మూట ఎంత కట్టాలి, ఎంత పంచాలి అనేది ఎవరికి వాళ్లు లెక్క వేసుకోవాలి. ఏమీ పంచనివాడు మాత్రం నాగయ్య గారిని చూసి నవ్వొద్దు.

ఈ కాగితం కింద కొంచెం జాగా వదిలాను. మీ అభిప్రాయం పెన్సిల్‌తో రాయండి. పేరు కూడా రాయండి. వచ్చే నెల వాటిని కలిపి చర్చగా వేద్దాం.

సెలవు.